మిద్దె మీదికి వైఫై: రిపీటరా, మెషా, తీగ లాగి రెండో రౌటరా?

కడపలో ఇప్పుడు లేస్తున్న ఇళ్ళు చాలావరకు ఒకే తీరుగా ఉంటాయి. కింద ఇంటివాళ్ళు, పైన పిల్లల గదులో అద్దె పోర్షనో, ఆ పైన మిద్దె మీద ఒక రూము, మెట్లేమో బయటినుంచి. ఫైబర్ వాళ్ళు వచ్చి హాల్లో టీవీ పక్కన పెట్టె (రౌటర్) బిగించి, ఫోన్లో స్పీడ్ టెస్ట్ చూపించి వెళ్ళిపోతారు. ఆ స్పీడ్ ఆ హాలు వరకే. మెట్లెక్కి పై గదిలో కూర్చుంటే వైఫై గుర్తు రెండు గీతలకు పడిపోతుంది, వీడియో కాల్‌లో అవతలివాళ్ళ మొహం ముక్కలు ముక్కలవుతుంది, పిల్లోడు ఎగ్జామ్ రాస్తుంటే ఇంట్లో అందరికీ టెన్షన్.

సరే ఏం చేద్దామని అడిగితే ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతారు. షాపతను రిపీటర్ అంటాడు, యూట్యూబ్‌లో మెష్ అంటారు, ఫైబర్ వేసే అబ్బాయి "పైకి ఇంకో కనెక్షన్ తీసుకోండన్నా" అంటాడు. ఎవరి బేరం వాళ్ళది. నా మాట ముందే చెప్పేస్తా: పై అంతస్తుకు ఒక్క ల్యాన్ తీగ (రౌటర్ నుంచి నెట్ మోసే తీగ) లాగడానికి దారి ఉంటే వేరే ఆలోచనే అక్కర్లేదు, ఆ తీగ చివర మామూలు రౌటర్ పెట్టినా పని జరుగుతుంది. తీగకు దారి లేనివాళ్ళకే మిగతా లెక్కలన్నీ. అయితే ఆ "దారి లేదు" అన్నది నిజంగా లేకా, లేదనుకుని వదిలేశారా అన్నది చూసుకోవాలి, అందుకే ఇంత రాస్తున్నా.

## కొనేముందు ఏం చూసుకోవాలి

స్లాబ్. అసలు అడ్డం ఇదే. దూరం కాదు. హాల్లో పెట్టె, నేరుగా దాని పైన పడకగది, మధ్య దూరం పది పన్నెండు అడుగులే, అయినా సిగ్నల్ రాదు. నాలుగైదు అంగుళాల కాంక్రీటు, అందులో ఇనుప కమ్మీలు, పైన నాపరాళ్ళో టైల్సో. వైఫై ముఖ్యంగా రెండు బ్యాండ్లలో వస్తుంది: 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్ నీరసపడైనా దాటుతుంది, 5 గిగాహెర్ట్జ్ మాత్రం బాగా దెబ్బ తింటుంది. స్పీడ్ ఇచ్చేది ఈ రెండోదే కాబట్టి పైన "వైఫై వస్తుంది కానీ స్పీడ్ లేదు" అనే పరిస్థితి. పాత ఊళ్ళో రాతిగోడల ఇళ్ళలోనైతే పై అంతస్తు దాకా పోనక్కర్లేదు, అడుగున్నర రెండడుగుల గోడ దాటి పక్క గదికి పోవడమే కష్టం. కాబట్టి ఏ సామాను చూసినా మొదట అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఇది స్లాబును గాలిలో దాటుతుందా, తీగలో దాటుతుందా?

మీ ప్లాన్ ఎంత? నెలకు 40, 50 ఎంబీపీఎస్ ప్లాన్ వాడుతూ పన్నెండు వేల మెష్ కొనడం దండగ. 200, 300 ప్లాన్ ఉంటే మాత్రం పాత పెట్టెల్లో ఒక చిక్కు ఉంది, దాని సంగతి కింద చెబుతా.

తీగకు దారి. బయటి మెట్ల పక్కన గోడ, వాననీళ్ళ గొట్టం వెంబడి, ఏసీ పైపు కోసం కొట్టిన బొక్క, ఎప్పుడో డిష్ తీగ దింపిన బొక్క. ఇల్లంతా ఒకసారి ఈ కంటితో తిరిగి చూడండి. మెట్లు బయట ఉండే మన ఇళ్ళకు ఇది పెద్ద సౌకర్యం, కొత్తగా స్లాబుకు బొక్క కొట్టాల్సిన పని చాలా ఇళ్ళలో ఉండదు. కరెంటు తీగలు పోయే పైపులోనే దీన్ని కూడా తోయిద్దామని ఎలక్ట్రీషియన్ అంటే మాత్రం వద్దనండి. అది షాక్ ప్రమాదం, పైగా సిగ్నల్‌కూ మంచిది కాదు.

పైన ఎవరు ఉంటారు? సొంత పిల్లలా, అద్దెకున్నవాళ్ళా. రెంటికీ జవాబు వేరు.

కరెంటు పోతే? కింద పెట్టె ఇన్వర్టర్ మీద ఉండి, పైన పెట్టె లేకపోతే, పైవాళ్ళకు నెట్ పోయినట్టే.

తర్వాత ఎవరు చూసుకుంటారు? కొడుకు బెంగళూరులో, ఇంట్లో అమ్మానాన్న మాత్రమే. ఇలాంటి ఇంట్లో సెట్టింగులు ఎక్కువున్నదేదీ పెట్టకూడదు. ఏదన్నా అయితే స్విచ్ ఆపి వేస్తే సరిపోయేలా ఉండాలి.

## రూపాయి పెట్టకముందు

కింద పెట్టె ఎక్కడుందో చూడండి. టీవీ వెనకా? ఇనుప బీరువా పక్కనా? నాపరాయి గూట్లో పైఅరలోనా? అక్కడినుంచి తీసి మెట్ల వైపు గోడకు, నడుమెత్తు పైన పెట్టిస్తే కొన్ని ఇళ్ళలో సగం బాధ తీరుతుంది. పెట్టెలోకి వచ్చే ఆకుపచ్చ కనెక్టర్ ఉన్న సన్న తీగ ఫైబర్, లోపల గాజు. దాన్ని మీరు లాగొద్దు, మడత పడితే లోపల విరుగుతుంది, ఆపరేటర్‌నే పిలిచి మార్పించండి. కొంత డబ్బు అడుగుతారు, ఇవ్వొచ్చు. అదే అదనుగా ఇంకోటి ఆలోచించండి: ఇంట్లో నెట్ ఎక్కువ వాడేది పైవాళ్ళే అయితే పెట్టెనే పైకి మార్పించేస్తే? కింద అమ్మానాన్న ఫోన్లో వార్తలు చూసుకునేంతే అయితే పైనుంచి కిందికి జారే 2.4 సిగ్నల్ వాళ్ళకు చాలు.

యాంటెన్నాలున్న పెట్టె అయితే ఒకటి నిలువుగా ఉంచి ఇంకోటి అడ్డంగా వంచండి. నిలువు యాంటెన్నా చుట్టూ సిగ్నల్ వడ ఆకారంలో పరుచుకుంటుంది, నేరుగా నడినెత్తి మీదికి పోయేది తక్కువ. అడ్డంగా వంచినప్పుడు పైకీ కిందికీ పోతుంది. ఖర్చు లేదు, చేసి చూడండి.

ఇవి చేశాక పైన ఫోన్లో ఏదైనా వైఫై అనలైజర్ యాప్ పెట్టి చూస్తే సిగ్నల్ బలం డీబీఎమ్‌లో ఒక అంకెగా కనిపిస్తుంది. మైనస్ 50 చుట్టుపక్కల అంటే బ్రహ్మాండం, మైనస్ 67 వరకు వీడియో కాల్ నడుస్తుంది, మైనస్ 80 అంటే వైఫై గుర్తు కనిపిస్తుంది కానీ పని జరగదు. మైనస్ 67 దాటి దిగజారితే ఇక కింద రాసిన వాటిలో ఏదో ఒకటి కావాల్సిందే.

## ఒక్కొక్కటిగా

ధరలు ఆఫర్లను బట్టి మారుతుంటాయి, సుమారు అంచనా కోసమే ఇచ్చాను.

| పద్ధతి | స్లాబ్ దాటేది | పైన స్పీడ్ | సుమారు ఖర్చు (రూ.) | ఎవరికి |
|---|---|---|---|---|
| రిపీటర్ | గాలిలో | సగమో, అంతకన్నా తక్కువో | 1,000 – 2,500 | అద్దె ఇల్లు, చిన్న అవసరం |
| మెష్, తీగ లేకుండా | గాలిలో | పెట్టెల నాణ్యతను బట్టి | 5,000 – 12,000 | తీగకు దారి లేని సొంత ఇల్లు |
| పవర్‌లైన్ | కరెంటు వైరింగ్‌లో | చెప్పలేం | 3,000 – 6,000 | ఒకే మీటరున్న ఇల్లు, అదీ వాపసు ఇచ్చే వీలుంటే |
| పాత రౌటర్, తీగతో | తీగలో | 90 ఎంబీపీఎస్ పైచిలుకు దాకా | తీగ, క్రింపింగ్ (కొసలకు కనెక్టర్ బిగించడం) కలిపి 500 – 1,000 | చిన్న ప్లాన్ |
| కొత్త గిగాబిట్ (1,000 ఎంబీపీఎస్ పోర్టుల) రౌటర్, తీగతో | తీగలో | ప్లాన్ ఎంతో దాదాపు అంత | 2,500 – 4,000 | చాలామందికి |
| సీలింగ్ యాక్సెస్ పాయింట్ | తీగలో | ప్లాన్ ఎంతో దాదాపు అంత | 5,000 – 10,000 | కొత్తగా కడుతున్న ఇల్లు, హాస్టల్, ఆఫీసు |
| పైకి వేరే కనెక్షన్ | అవసరం లేదు | పూర్తి | నెలనెలా బిల్లు | అద్దె పోర్షన్ |

### రిపీటర్

ప్లగ్గులో గుచ్చితే అయిపోతుంది, అదే దీని గొప్ప. కింది సిగ్నల్ పట్టుకుని మళ్ళీ అరిచి చెబుతుంది. తక్కువ రకాల్లో వినడానికీ చెప్పడానికీ ఒకటే రేడియో, కాబట్టి ఒక్కో మాటకు రెండుసార్లు గాలి వాడుకోవాలి, స్పీడ్ సగానికి పడుతుంది. అందరూ చేసేది దాన్ని సిగ్నల్ రాని గదిలోనే పెట్టడం. అక్కడ దానికే సరిగ్గా వినపడదు, ఇంకేం చెబుతుంది? మెట్ల మలుపు దగ్గర, కింది సిగ్నల్ ఇంకా బాగా అందే చోట పెట్టాలి. మన ఇళ్ళలో ఆ చోటు బయట ఉంటుంది, అక్కడ ప్లగ్గు ఉండదు, ఉన్నా ఎండా వానా. ఏడాదిలో ఖాళీ చేసే అద్దె ఇంట్లో, ఫోన్లో వాట్సాప్, యూట్యూబ్ వరకే అయితే కొనుక్కోండి. వర్క్ ఫ్రమ్ హోమ్‌కైతే నేను చెప్పను.

### మెష్

రెండు మూడు పెట్టెలు, అన్నీ కలిపి ఒకే వైఫైలా పనిచేస్తాయి, యాప్‌లో సెట్టింగ్ సులువు, ఫోను ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెకు మారడం మెత్తగా జరుగుతుంది. ఇంత బాగా ఉన్నా పెట్టెకూ పెట్టెకూ మధ్య మాట గాలిలోనే నడుస్తుందన్నది ప్రకటనల్లో పెద్దగా కనిపించదు. ఒకే అంతస్తులో పరుచుకున్న పెద్ద ఇంటికి ఇది బాగుంటుంది. స్లాబ్ మధ్యలో ఉంటే రెండు పెట్టెల మధ్య లింకే బక్కచిక్కిపోతుంది. మూడు బ్యాండ్ల రకంలో ఒక బ్యాండ్‌ను పెట్టెల మధ్య మాటకే వాడుకుంటాయి కాబట్టి కాస్త నయం, కానీ ధర కూడా అలాగే ఉంటుంది, ఆ బ్యాండ్ కూడా మళ్ళీ అదే స్లాబును దాటాల్సిందే.

ఇంకో సంగతి. చాలా మెష్ పెట్టెల వెనక ల్యాన్ పోర్ట్ ఉంటుంది, రెండు పెట్టెల్నీ తీగతో కలిపితే స్పీడ్ మొత్తం దక్కుతుంది. అంటే తీగ లాగినప్పుడే మెష్ కూడా బాగా పనిచేస్తుంది. తీగ ఎలాగూ లాగుతున్నప్పుడు అంత డబ్బు ఎందుకంటే, ఫోన్లో మాట్లాడుతూ కిందికీ పైకీ తిరిగేవాళ్ళకు కాల్ తెగకుండా ఉండటానికి, పెద్దవాళ్ళకు యాప్‌లో ఊరినుంచే సెట్టింగ్ చూసిపెట్టడానికి. ఈ రెండిట్లో ఒకటైనా మీకు ముఖ్యమైతే మెష్‌ను తీగతో పెట్టండి. డబ్బుకు ఇబ్బంది లేకపోతే అదే అన్నిటికన్నా హాయి.

### పవర్‌లైన్

కరెంటు తీగల్లోనే నెట్ పంపే జత. వినడానికి భలే ఉంటుంది. కానీ పై పోర్షన్‌కు వేరే మీటర్ ఉంటే, కింద ఒక ఫేజు పైన ఇంకో ఫేజు ఉంటే, మధ్యలో ఇన్వర్టర్ వైరింగ్ ఉంటే దీని మీద నమ్మకం పెట్టుకోలేం. కడప ఇళ్ళలో ఈ మూడిట్లో ఏదో ఒకటి దాదాపు ఖాయం. వదిలేయండి.

### తీగ లాగి రెండో రౌటర్

కింద పెట్టె ల్యాన్ పోర్ట్ నుంచి తీగ పైకి వస్తుంది, పైన ఇంకో రౌటర్ ఆ నెట్‌ను తీసుకుని కొత్తగా వైఫై ఇస్తుంది. స్లాబును దాటే పని తీగది కాబట్టి పైన మీరు రౌటర్ ముందు కూర్చున్నంత స్పీడ్. మామూలు క్యాట్ 5ఈ, క్యాట్ 6 తీగ 100 మీటర్ల దాకా గిగాబిట్ మోస్తుంది, రెండంతస్తుల ఇంటికి 20, 25 మీటర్లు ఎక్కువ.

పాత రౌటర్ ఇంట్లో మూలన పడి ఉంటే దాన్నే వాడొచ్చు. టెలిఫోన్ తీగ మీద నెట్ వచ్చే రోజుల నాటి ఏడీఎస్ఎల్ మోడెమ్ అయినా ఫర్వాలేదు, టెలిఫోన్ తీగ పెట్టే బొక్కను వదిలేసి ల్యాన్ పోర్ట్ వాడుకుంటే చాలు. అయితే పైన చెప్పిన చిక్కు ఇదే: పాతవాటిలోనూ, ఇప్పటికీ అమ్ముతున్న చవక రకాల్లోనూ పోర్టులు 100 ఎంబీపీఎస్‌వే. చేతికి వచ్చేది 94 దగ్గర ఆగుతుంది. వైఫై కూడా 2.4 మాత్రమే ఉన్న పెట్టె అయితే అంత కూడా రాదు, పక్కింటి వైఫైలన్నీ అదే దారిలో ఉంటాయి. 50 ప్లాన్‌కు పాతది చాలు. 150 దాటితే రెండు బ్యాండ్లూ, గిగాబిట్ పోర్టులూ ఉన్న కొత్తది కొనండి. పెట్టె మీద "ఏసీ 1200" అని పెద్దక్షరాలతో రాసి ఉన్నా పోర్టులు 100వే ఉండొచ్చు, వెనక వివరాల్లో 10/100/1000 అని ఉందో లేదో చూసుకోండి. కింద ఫైబర్ పెట్టెలో కూడా కొన్నిట్లో ఒక్క పోర్టే గిగాబిట్, మిగతావి 100వి. పైకి పోయే తీగను ఆ ఒక్కదానికే పెట్టాలి.

కంపెనీ ఇచ్చిన పాత ఫైబర్ పెట్టెను ఇలా వాడాలనుకుంటే ఆగండి. చాలావాటికి లోపలి సెట్టింగులు తాళం వేసి ఉంటాయి, పైగా కనెక్షన్ మానేసినప్పుడు వాపసు అడుగుతారు.

### సీలింగ్ యాక్సెస్ పాయింట్

సీలింగ్‌కు బిగించే తెల్లటి గుండ్రటి పెట్టె. పైన దీనికి వేరే అడాప్టర్ అక్కర్లేదు, ల్యాన్ తీగలోనే కరెంటు కూడా కిందినుంచి పోతుంది, పీఓఈ అంటారు. కాబట్టి కింద ఒక్కచోట ఇన్వర్టర్ ఉంటే ఇల్లంతా నెట్ నిలుస్తుంది. కొత్తగా ఇల్లు కడుతున్నవాళ్ళైతే, గోడలకు పైపులు వేయించేటప్పుడే ప్రతి అంతస్తు సీలింగ్ మధ్యకు ఒక ఖాళీ పైపు వేరేగా వేయించుకోండి. ఇప్పుడు పెట్టె కొనకపోయినా పైపు ఉంటే చాలు. ప్లాస్టరింగ్ అయ్యాక ఇదే పనికి ఎంతవుతుందో మేస్త్రీని అడగండి, తెలుస్తుంది.

## రెండో రౌటర్‌ను ఎలా కలపాలి

ఇక్కడే ఎక్కువమంది తికమక పడతారు. రెండు దారులున్నాయి.

ల్యాన్ నుంచి ల్యాన్‌కు. పై రౌటర్ తన తెలివి మూసుకుని వైఫై మాత్రం ఇస్తుంది. ఇంట్లో అన్ని ఫోన్లూ టీవీలూ ఒకే నెట్‌వర్క్‌లో ఉంటాయి, పైనుంచి కింది ప్రింటర్‌కు పంపొచ్చు, ఫోన్లోది కింది టీవీలో చూడొచ్చు. సొంత ఇంటికి ఇదే.

ల్యాన్ నుంచి వాన్ పోర్ట్‌కు (బయటి నెట్ లోపలికి వచ్చే పోర్ట్). పై రౌటర్ తనకంటూ వేరే నెట్‌వర్క్ పెట్టుకుంటుంది. తీగ గుచ్చితే చాలావరకు సెట్టింగ్ లేకుండానే నెట్ వస్తుంది కాబట్టి బిగించడానికి వచ్చినవాళ్ళు ఇదే చేసి పోతారు. నెట్ చూడటానికి ఇబ్బంది ఉండదు. ప్రింటర్ దొరకట్లేదు, ఫోన్లోది టీవీలో పడట్లేదు, సీసీ కెమెరా ఒక ఫోన్లో కనపడుతోంది ఇంకో ఫోన్లో కనపడట్లేదు అనే గోలంతా దీనివల్లే. రెండు రౌటర్ల అడ్రసూ ఒకటే అయితే అసలు నెట్టే రాకపోవచ్చు.

కొత్త రౌటర్లలో "యాక్సెస్ పాయింట్ మోడ్" అని ఒక ఎంపిక ఉంటుంది. అది ఉంటే దాన్ని నొక్కి, తీగను వాన్ పోర్ట్‌లో పెట్టేయండి, మిగతాదంతా అదే చూసుకుంటుంది. కింద ఉన్నదంతా ఆ ఎంపిక లేని పాత పెట్టెల కోసం. వరస ముఖ్యం, మార్చొద్దు.

1. కింది రౌటర్ అడ్రస్ ఏంటో చూడండి. ఫోన్ వైఫై వివరాల్లో గేట్‌వే అని ఉంటుంది. 192.168.1.1 కావచ్చు, కొన్ని కంపెనీల పెట్టెలది 192.168.29.1. కింది రౌటర్ ఏ అంకె నుంచి ఏ అంకె దాకా పంచుతోందో కూడా దాని సెట్టింగుల్లో డీహెచ్‌సీపీ (ఫోన్లకు అడ్రస్‌లు పంచే పని) పేజీలో చూసి రాసుకోండి.
2. పై రౌటర్‌ను రీసెట్ చేయండి. తీగ ఇంకా పెట్టొద్దు. దానికి ల్యాప్‌టాప్ కలిపి, బ్రౌజర్లో దాని అడ్రస్ కొట్టి సెట్టింగుల లోపలికి వెళ్ళండి.
3. వైఫై పేరు, పాస్‌వర్డ్ పెట్టండి. సెక్యూరిటీ డబ్ల్యూపీఏ2 కానీ ఆపైది కానీ. డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ కొట్టకుండా కలిపే) బటన్ ఆపేయండి.
4. ల్యాన్ అడ్రస్ మార్చండి. కింద 192.168.1.1 అయితే పైన 192.168.1.250 లాంటిది. కింది రౌటర్ పంచే అంకెల్లో ఇది ఉండకూడదు. అది 254 దాకా పంచుతుంటే, కిందే 200 దగ్గర ఆపేయండి.
5. కొత్త అడ్రస్‌తో మళ్ళీ లోపలికి వెళ్ళి, డీహెచ్‌సీపీ ఆపేయండి. ఇది చివర్లోనే. ఆపిన క్షణం నుంచి తీగ పెట్టేదాకా పై రౌటర్ ఎవరికీ అడ్రస్ ఇవ్వదు, ఫోన్ కనెక్ట్ కాక తిరుగుతుంటుంది, కంగారు పడి మళ్ళీ రీసెట్ చేయకండి.
6. ఇప్పుడు కిందినుంచి వచ్చిన తీగను పై రౌటర్ ల్యాన్ పోర్టుల్లో ఏదో ఒకదానికి పెట్టండి. వాన్ పోర్ట్ ఖాళీగా ఉండాలి.

డీహెచ్‌సీపీ ఆపడం మర్చిపోతే రెండు రౌటర్లూ పోటీపడి అడ్రస్‌లు పంచుతాయి. కొన్ని ఫోన్లకు నెట్ వస్తుంది, కొన్నిటికి రాదు, పొద్దున వచ్చినదానికి సాయంత్రం రాదు. అలా అంతుబట్టకుండా ఉంటే మొదట చూడాల్సింది ఇదే. రెండు రౌటర్ల మధ్య "ఇంకో తీగ ఉంటే స్పీడ్ డబుల్ అవుతుంది" అని రెండో తీగ కూడా పెట్టొద్దు, మాట అక్కడక్కడే గిరగిరా తిరిగి మొత్తం నెట్‌వర్క్ పడిపోతుంది.

వైఫై పేరు రెంటికీ ఒకటే పెట్టాలా, వేరువేరా? మొదటి వారం వేరువేరుగా పెట్టి పైది సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసుకుని, తర్వాత ఒకటే చేయండి. పేరు, పాస్‌వర్డ్, సెక్యూరిటీ రకం మూడూ అచ్చంగా ఒకటైతే ఫోన్ తనంతట తాను మారుతుంది. మారాలా వద్దా అన్నది రౌటర్ కాదు, ఫోన్ నిర్ణయం. కొన్ని ఫోన్లు పైకి వచ్చినా కిందిదాన్నే పట్టుకుని వేలాడతాయి. అప్పుడు రెండు రౌటర్లలోనూ ప్రసార బలాన్ని కాస్త తగ్గిస్తే వదులుతాయి. ఛానెల్ మాత్రం వేరువేరు ఉండాలి: 2.4లో కింద 1, పైన 6, మిద్దె రూములో మూడోది ఉంటే 11. ఈ మూడే ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండేవి. 5లో కింద 36, పైన 149 పెట్టుకోవచ్చు.

## తీగ కొనేటప్పుడు

రౌటర్ గురించి పది రివ్యూలు చదివి, తీగ మాత్రం ఏది ఇస్తే అది తెచ్చుకుంటారు. బజార్లో చవగ్గా దొరికే తీగల్లో చాలావరకు అల్యూమినియం మీద రాగి పూత. చుట్ట చేతికి తేలిగ్గా ఉంటుంది, కొస గీకితే లోపల తెల్లగా కనిపిస్తుంది. దూరం పెరిగేకొద్దీ ఇది మొరాయిస్తుంది, వంచితే తెగుతుంది. పూర్తి రాగిది అడగండి, మీటరుకు కొన్ని రూపాయలు ఎక్కువైనా. బయట గోడ మీద పోయేదైతే ఎండకు తట్టుకునే నల్ల తొడుగు రకం. మే నెలలో కడప ఎండకు మామూలు తెల్ల తీగ తొడుగు పెళుసుబారిపోతుంది. పీవీసీ పైపులో వేయిస్తే ఎండతో పాటు కోతుల బెడద కూడా తప్పుతుంది, కేబుల్ తీగల మీద వాటికి ఏం కోపమో మరి.

కనెక్టర్ క్రింపింగ్ సీసీ కెమెరాలు బిగించే కుర్రాళ్ళు చేస్తారు. రెండు కొసలా ఒకే వరస ఉండాలి: ఆరెంజ్ చార, ఆరెంజ్, ఆకుపచ్చ చార, నీలం, నీలం చార, ఆకుపచ్చ, గోధుమ చార, గోధుమ. ఎనిమిదీ కలపమనండి. నాలుగు కలిపినా నెట్ వస్తుంది కాబట్టి కొందరు అంతటితో సరిపెడతారు, 100 దాటి స్పీడ్ రాదు.

ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఉరుములు మొదలైతే బయటినుంచి పోయే ఆ రాగి తీగను రెండు కొసలా పీకి పెట్టండి. పెరట్లో వేరే కట్టడానికి నెట్ తీసుకెళ్ళాలంటే రాగి వద్దు, ఫైబరే లాగించండి. గాజుకు పిడుగు భయం లేదు.

మిద్దె మీద రేకుల రూములో పెట్టేవాళ్ళు ఒకటి గమనించండి. ఇళ్ళలో వాడే చాలా రౌటర్లకు 40 డిగ్రీల వరకే అని వాటి వివరాల్లో రాసి ఉంటుంది. ఎండాకాలం రేకు కింద పైఅరలో అంతకన్నా వేడి. కిందుగా, గాలి తగిలే చోట పెట్టండి.

## మీ పరిస్థితి ఏంటి?

సొంత ఇల్లు, పైన పిల్లలు, బయట మెట్లు. తీగ, రెండో రౌటర్, ల్యాన్ నుంచి ల్యాన్‌కు. చర్చ లేదు.

ఇంట్లో పెద్దవాళ్ళు మాత్రమే. మెష్‌ను తీగతో. తీగ వీలుకాకపోతే పెట్టెను మార్పించి సరిపెట్టుకోండి.

అద్దెకున్నవాళ్ళు, గోడకు మేకు కొట్టినా ఓనరు ఒప్పుకోరు. రిపీటర్, లేదా కిటికీ సందులోంచి పోయే తీగ. ఖాళీ చేసేటప్పుడు చుట్టి పట్టుకుపోవచ్చు.

కింద షాపు, పైన ఇల్లు. షట్టర్ దించితే సిగ్నల్ బయటికి పోదు, లోపలికి రాదు. కెమెరా రికార్డర్ కూడా షాపులోనే ఉంటుంది. తీగ తప్ప ఇంకేదీ వద్దు.

పైన అద్దెకు ఇచ్చారు, నెట్ కూడా ఇద్దామనుకుంటున్నారు. దీనికి ఎక్కువ ఆలోచన కావాలి. "వాన్ పోర్ట్‌కు పెడితే వాళ్ళ నెట్‌వర్క్ వేరే అయిపోతుంది కదా, మనకు రక్షణ" అని చాలామంది అనుకుంటారు. అది తిరగబడ్డ లెక్క. వాన్ వెనక ఉన్న పైవాళ్ళను మీరు చూడలేరు, మీ ప్రింటర్‌నూ కెమెరానూ వాళ్ళు మాత్రం అందుకోగలరు. రక్షణ వాళ్ళకు, మీకు కాదు. కింది పెట్టెలో గెస్ట్ వైఫై ఉన్నా, చాలా పెట్టెల్లో అది ఆ పెట్టె గాలిలో ఇచ్చే వైఫైకే, ల్యాన్ తీగలో పైకి పోదు. పైగా కనెక్షన్ మీ పేరు మీద ఉంటుంది, దాని మీద ఎవరు ఏం చేసినా మొదట అడిగేది మిమ్మల్నే. అద్దెవాళ్ళను వాళ్ళ పేరు మీద వేరే కనెక్షన్ తీసుకోమనండి. ఇంటికి ఫైబర్ పైదాకా తెప్పించి ఉంచితే అది కూడా అద్దెకు ఒక ఆకర్షణే.

కరెంటు కోతలు ఎక్కువున్న చోట. పైన కూడా చిన్న రౌటర్ యూపీఎస్ కావాలి. కొనేముందు అడాప్టర్ మీద రాసింది చూడండి. ఎక్కువ వాటికి 12 వోల్టులు, కొన్ని పాతవాటికి 9. 9 వోల్టుల పెట్టెకు 12 ఇస్తే కాలిపోవచ్చు.

## బిగించాక చూడాల్సింది

స్పీడ్ టెస్ట్ మొదట కింది పెట్టెకు తీగతో ల్యాప్‌టాప్ కలిపి, తర్వాత పై రౌటర్‌కు తీగతో కలిపి, ఆ తర్వాతే పైన వైఫైలో. మొదటి రెండూ సమానంగా ఉంటే తీగ బాగున్నట్టు. రెండోది 94 దగ్గర ఆగిపోతే ఎక్కడో 100 పోర్ట్ ఉంది, లేదా ఎనిమిది తీగల్లో ఏదో ఒకటి సరిగ్గా అంటలేదు, క్రింపింగ్ మళ్ళీ చేయించండి. రెండూ బాగుండి వైఫైలో మాత్రమే తక్కువైతే ఫోన్ 2.4 పట్టుకుని ఉందేమో చూసి 5కు మార్చండి. కింద తీగ మీద కూడా ప్లాన్ స్పీడ్ రాకపోతే అది మీ ఇంటి సమస్య కాదు, ఆపరేటర్‌కు ఫోన్ చేయండి.